సెలవుల పుస్తకం: స్టార్ వార్స్ ‘హెయిర్ టు ది ఎంపైర్’ – చదివినవాళ్ళు రండి, చదవనివాళ్ళు జాగ్రత్త

గోదారిగట్టు | జనవరి 15, రాత్రి 10:40

పండక్కి అత్తారింట్లో ఉన్నాను. మేడ మీద గాలిపటాలు, హాల్లో పేకాట, వంటింట్లో అరిసెల పాకం ముదిరిందా లేదా అని వాదన. ఇలాంటి ఇంట్లో ఏ పుస్తకమైనా ఏకబిగిన చదవడం కుదరదు. ఎక్కడ వదిలేసినా మళ్ళీ అక్కడే అందుకోగలిగే పుస్తకం కావాలి. అందుకని ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిన స్టార్ వార్స్ నవల ఒకటి సంచీలో వేసుకొచ్చా. టిమొతీ జాన్ రాసిన ‘హెయిర్ టు ది ఎంపైర్’, 1991 నాటిది. ఎవరో ముందు పాఠకుడు అట్ట లోపల బాల్‌పెన్నుతో ఓడ బొమ్మ కూడా గీశాడు, అది ఉచితం.

సినిమాలు తెలిసినవాళ్ళకి పరిచయం అక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు: చక్రవర్తి చచ్చిపోయి ఐదేళ్ళయింది. తిరుగుబాటుదారులు ఇప్పుడు గవర్నమెంటు నడుపుతున్నారు, అదేమంత సజావుగా సాగడం లేదు. మిగిలిపోయిన సామ్రాజ్య సైన్యాన్ని కూడగట్టడానికి గ్రాండ్ అడ్మిరల్ థ్రాన్ అని ఒకడు ఎక్కడినుంచో ఊడిపడ్డాడు. నీలం ఒళ్ళు, ఎర్రటి కళ్ళు. గొంతు పెంచడు.

మొదటి అధ్యాయమే నన్ను పట్టేసింది. కెప్టెన్ పెలియన్ అని ఓ ముసలి అధికారి ఉంటాడు. అంతరిక్ష ఓడ బ్రిడ్జి మీద, అంటే దాన్ని నడిపే చోట, కుర్ర లెఫ్టినెంటు ఒకడు అంత దూరం నుంచే సంతలో కేకేసినట్టు కేకేస్తాడు. పెలియన్ వాణ్ణి నిలబెట్టి చీవాట్లు పెడతాడు. మంచి సైనికులందరూ పోయి, ఇప్పుడు పిల్లల్తో ఓడలు నడుపుతున్నారన్న సంగతి ఆ చీవాట్లలోనే మనకి తెలిసిపోతుంది. తర్వాత పెలియన్ థ్రాన్ గదిలోకి వెళ్తే అక్కడ చీకటి. చుట్టూ హోలోగ్రాముల్లో శిల్పాలు, చిత్రాలు. అవతల శత్రువు ఓడలు దూసుకొస్తుంటే ఈయన కూర్చుని కళాఖండాలు చూస్తున్నాడు! వచ్చేది ఎలోమిన్ జాతివాళ్ళని తేల్చి, వాళ్ళ కళని పరీక్షించి, ఒక పద్ధతంటూ లేకుండా మీదపడే దాడిని వాళ్ళ బుర్ర తట్టుకోలేదని లెక్కకట్టి, సరిగ్గా అలాంటి ఎత్తే వేస్తాడు. ఇరవై పేజీలు కూడా కాకముందే విలన్ మీద నాకు గౌరవం పుట్టింది.

నేనింకా సగంలో ఉన్నా. అడగాలనుకున్నది ఇదీ: ఇలాంటి నవలలు సెలవుల్లో ఎందుకింత హాయిగా చదువుకోగలుగుతున్నాం? మీలో ఎవరైనా చదివారా? రెండు, మూడు భాగాలు కూడా వెతుక్కోమంటారా?

---

కోడ్‌కోతి | జనవరి 15, రాత్రి 11:02

అన్నా, థ్రాన్ అంటే ‘అహసోకా’ సిరీస్‌లో వచ్చిన నీలం ఆయనేగా? ఆయనకి పుస్తకం ఉందని నాకు ఇప్పుడే తెలిసింది. సిరీస్‌లో ఆయన వచ్చేదాకా సగం ఎపిసోడ్లు ఎదురుచూడ్డమే సరిపోయింది. పుస్తకంలో మొదటి అధ్యాయంలోనే ఉన్నాడా? ఆర్డర్ పెట్టేస్తున్నా.

---

ఓరుగల్లు_పోరడు | జనవరి 16, ఉదయం 7:15

అన్నా, పండుగ పూట నీ హుషారు మీద నీళ్ళు చల్లుతున్న అనుకోకు. నాకొక్కటి సమజ్ కాదు. సినిమాల హీరోలు ముగ్గురున్నరు గద. లూక్ సావడు. లేయా సావదు. హాన్ సోలో సావడు. వాళ్ళకేమన్న అయితే కంపెనీ ఊకోదు. మరి టెన్షన్ ఏడికెళ్ళి వస్తది? నాలుగొందల పేజీలు తిప్పినంక అందరు మొదలు ఎక్కడున్నరో మల్ల ఆడనే ఉంటరు. దీన్ని నవల అంటరా, బ్రాండు అంటరా?

సైన్స్ ఫిక్షనే కావాల్నంటే సొంతంగ లోకం కట్టినోళ్ళు మస్తు మంది ఉన్నరు. వాళ్ళని ఇడిసిపెట్టి కిరాయి లోకంల రాసినోన్ని ఎందుకు సదవాలె?

---

సుధ_ఎడిసన్ | జనవరి 16, ఉదయం 9:50

గోదారిగట్టు గారూ, ఈ నవల నేను ఇక్కడి లైబ్రరీలో తెచ్చుకుని చదివాను, తర్వాత కొనుక్కున్నాను కూడా. క్రిస్మస్ సెలవుల్లో మంచు పడి బయటికి వెళ్ళలేని రోజులకి ఇంతకన్నా మంచి కాలక్షేపం లేదు.

ఓరుగల్లు తమ్ముడూ, నీ ప్రశ్న సబబైనదే. కానీ కృష్ణుడు రాయబారానికి వెళ్తే సంధి కుదరదని మన ఊళ్ళల్లో తెలియనిదెవరికి? అయినా పడక సీను కోసం తెల్లవార్లూ చాపలు పరుచుకుని కూర్చుని వన్స్‌మోర్ కొట్టలేదూ? ఏం జరుగుతుందో తెలిసినచోట, ఎలా జరిగిందన్న దాని మీదే మన చెవీ కన్నూ ఉంటాయి.

ఇక లూక్ చావడన్న సంగతి జాన్‌కి నీకంటే బాగా తెలుసు. అందుకే కథ బరువంతా తను సొంతంగా పుట్టించిన మనుషుల మీద పెట్టాడు. థ్రాన్, పెలియన్, దొంగరవాణా చేసే టాలన్ కార్డ్, వాడి దగ్గర పనిచేసే మారా జేడ్. వీళ్ళెవరూ సినిమాల్లో లేరు. వీళ్ళకి ఏమైనా కావచ్చు. మారా జేడ్‌కి లూక్‌ని చంపాలని ఉంటుంది. ఎందుకో వెంటనే చెప్పడు. అదే లూక్ ఆమె చేతికి దిక్కులేని స్థితిలో దొరుకుతాడు. ఇద్దరూ అడవిలో కూలిపోతారు. లూక్ రోబో ఆర్‌టూని కొమ్మలతో కట్టిన ఈడుపుబండి లాంటి దాని మీద వేసుకుని లాక్కుంటూ నడవాలి. రాత్రిళ్ళు వేటజంతువులు. ఒకళ్ళు నిద్రపోవాలంటే రెండోవాళ్ళని నమ్మాలి. ఆమె చేతిలో తుపాకి. చావడని తెలిసి కూడా ఆ పేజీలు నేను ఊపిరి బిగబట్టే చదివాను. ఆమె మనసు ఎటు తిరుగుతుందో మనకి తెలియదు కదా!

హాయి ఎందుకంటారా? ఏ కొత్త సైన్స్ ఫిక్షన్ తెరిచినా మొదటి యాభై పేజీలూ అద్దె ఇంట్లో దిగినట్టే. స్విచ్చి ఏది, కుళాయి ఏది అని వెతుక్కోవాలి. ఇక్కడ ఓడ శబ్దంతో సహా మనకి ముందే తెలుసు. పండగ ఇంట్లో మధ్య మధ్య ఎవరో పిలుస్తూ ఉన్నా దారి తప్పం.

---

అడ్మిన్ | జనవరి 16, ఉదయం 10:05

ముగింపులు రాసేవాళ్ళు ముందు ‘స్పాయిలర్’ అని రాసి, నాలుగు గీతలు వదిలి రాయండి. పీడీఎఫ్ లింకులు పెట్టొద్దు, అడగొద్దు. కానివ్వండి.

---

మాష్టారు_తెనాలి | జనవరి 16, సాయంత్రం 4:30

నమస్కారం. నేను ముప్ఫయ్యేళ్ళపైన ఫిజిక్సు చెప్పినవాణ్ణి. ఈ పుస్తకం మా అబ్బాయి అటక మీద వదిలేసి వెళ్ళిన పెట్టెలో దొరికింది. నాకు నచ్చడానికి కారణం వేరు.

ఈ రచయిత కూడా ఫిజిక్సులో మాస్టర్స్ చేసినవాడే. స్టార్ వార్స్ రాయకముందే 1984లో ఒక నవలికకి హ్యూగో అవార్డు తీసుకున్నాడు. ఆ చదువు కథలో ఎక్కడ పనికొచ్చిందో చూడండి. జెడైలకి ఫోర్స్ ఉంది, మనసుతో వస్తువుల్ని కదిలిస్తారు, రాబోయేది పసిగడతారు. అలాంటివాడికి సాటిగా విలన్‌ని తేవాలంటే మామూలు రచయిత ఇంకా పెద్ద మంత్రగాణ్ణి తెస్తాడు. తర్వాతి పుస్తకంలో వాడికంటే పెద్దవాడు. దానికి అంతు లేదు. ఈయన తిరగేసి ఆలోచించాడు. యసలమిరి అని చెట్లని పట్టుకుని బతికే బల్లి లాంటి జంతువుని కల్పించాడు. దాని చుట్టూ కొంత మేర ఫోర్స్ పనిచెయ్యదు, అంతే. అది దాడి చెయ్యదు, కరవదు. ఊరికే కొమ్మ మీద ఉంటుంది. కొమ్మలోంచి ఊడబెరికితే చస్తుంది కాబట్టి జాగ్రత్తగా విడదీసి, ఆహారం అందించే ఫ్రేములకి తగిలించి మోసుకుపోవాలి. ఈ ఇబ్బంది చూడండి! ఎవడి భుజాన ఆ ఫ్రేము ఉంటే వాడి దగ్గర జెడై కూడా మామూలు మనిషే.

బలం పెంచకుండా బలం తీసేసి కథని బిగించడం నాకు ముచ్చటగా అనిపించింది. లూక్ స్కైవాకర్ అడవిలో చెమట్లు కక్కుతూ నడవాల్సి రావడం ఆ బల్లి పుణ్యమే.

---

కోడ్‌కోతి | జనవరి 16, సాయంత్రం 6:12

మాష్టారూ, సూపర్ పాయింట్. కానీ నాకో డౌట్. 2014 ఏప్రిల్‌లో లూకాస్‌ఫిల్మ్ వాళ్ళు పాత నవలలన్నిటికీ ‘లెజెండ్స్’ అని ముద్ర వేసి పక్కన పెట్టారు కదా. అంటే ఇందులో జరిగేవేవీ అసలు కథలో జరగనట్టే లెక్క. మరి చదివి లాభం? తర్వాత సినిమా చూస్తే అంతా తేడాగా ఉంటుంది.

---

గోదారిగట్టు | జనవరి 16, రాత్రి 9:20

తమ్ముడూ, సెలవుల్లో చదివే పుస్తకానికి లాభమేంటి, పరీక్షా ఏమన్నానా! నిజంగా జరిగిందని ముద్ర వెయ్యడానికి రెండూ కల్పనే కదా.

పైగా థ్రాన్ సంగతే చూడు. నవలని పక్కన పెట్టారు, మనిషిని వదల్లేకపోయారు. 2016లో ‘రెబెల్స్’ యానిమేషన్‌లోకి తెచ్చుకున్నారు. 2023లో నువ్వు చూసిన సిరీస్. రెండింట్లోనూ లార్స్ మికెల్సెన్‌దే గొంతు. మళ్ళీ అదే టిమొతీ జాన్‌తో 2017 నుంచి థ్రాన్ మీద కొత్త నవలలు కూడా రాయించారు. రాజధాని గ్రహం ఉంది కదా, కోరస్కాంట్, ఆ పేరు కూడా మొదట ఈ నవలలోదే. 1999లో సినిమాలోకి ఎక్కింది.

ఇప్పుడు నేను చదివిన భాగం చెప్తా, ఇది ముగింపు కాదు కాబట్టి స్పాయిలర్ అనుకోను. లూక్ చిన్న ఓడలో వెళ్తుంటే థ్రాన్ దారికాసి పట్టుకుంటాడు. ట్రాక్టర్ బీమ్‌తో, అంటే దూరం నుంచే ఓడల్ని పట్టి లాగే కిరణంతో, లాగుతుంటాడు. లూక్ ఇంజన్ని ఒక్కసారి వెనక్కి కుదిపి, రెండు టార్పెడోలు వదులుతాడు. బీమ్ ఓడని వదిలేసి టార్పెడోలని పట్టుకుంటుంది. లూక్ జారిపోతాడు, ఓడ పాడవుతుంది, నడిసముద్రం లాంటి శూన్యంలో దిక్కులేకుండా నిలబడిపోతాడు. ఇదంతా ఒక ఎత్తు. ఇటుపక్క థ్రాన్ నింపాదిగా మెట్లు దిగి ఆ బీమ్ నడిపిన కుర్రాడి దగ్గరికి వెళ్తాడు. కుర్రాడు నాకిది నేర్పలేదంటాడు. పై అధికారిని అడిగితే, నేర్పామంటాడు. థ్రాన్ పెద్ద మాట ఒక్కటీ అనడు. పక్కనున్న అంగరక్షకుడు రూఖ్ వైపు చూస్తాడంతే.

సినిమాల్లో విలన్ డార్త్ వేడర్ అయితే ఎడాపెడా పీకలు నులిమేవాడు. ఈయన ముందు విచారణ చేస్తాడు. చదువుతుంటే మా ఆఫీసులో ప్రాజెక్టు చెడిపోయాక పెట్టే మీటింగు గుర్తొచ్చి వెన్ను జలదరించింది.

---

సుధ_ఎడిసన్ | జనవరి 16, రాత్రి 10:01

గోదారిగట్టు గారూ, ఆ సీనుని గుర్తుపెట్టుకోండి. మూడో భాగంలో దాని జోడీ ఉంది. ఇంతకంటే చెప్పను.

---

వైజాగ్_వెన్నెల | జనవరి 16, రాత్రి 11:30

నేను అవతలి పార్టీ అమ్మాయిని. స్టార్ ట్రెక్. మా వైపు నవలలు అంతకంటే ముందు నుంచే ఉన్నాయండోయ్. జేమ్స్ బ్లిష్ 1967 నుంచే ఎపిసోడ్లని కథలుగా రాశాడు, 1970లో సొంత నవల కూడా రాశాడు. సులూ అని ఓడ నడిపే ఆయనకి టీవీలో ముందు పేరే లేదు. 1981లో వోండా మెకింటైర్ తన ‘ఎంట్రపీ ఎఫెక్ట్’ నవలలో హికారు అని పెట్టింది. పదేళ్ళ తర్వాత సినిమాలో అదే పేరు పలికారు. కిరాయి లోకం అన్న ఓరుగల్లు గారూ, కిరాయికున్నవాళ్ళు గోడకి కొట్టిన మేకుకి ఓనరు తన ఫోటో తగిలించుకున్నట్టు కదూ ఇది?

నా సెలవుల పుస్తకం మాత్రం జాన్ ఎం. ఫోర్డ్ రాసిన ‘ఫైనల్ రిఫ్లెక్షన్’, 1984. స్టార్ ట్రెక్ హీరోలు కిర్క్, స్పాక్ కథకి అటూ ఇటూ కొంచెం కనబడతారంతే. మిగతాదంతా క్లింగన్ల ఇంట్లోంచి చెప్పిన కథ. మన విలన్లకి వాళ్ళ చదరంగం, వాళ్ళ మర్యాద, వాళ్ళ నాటకాలు, వాళ్ళ అనాథ పిల్లలు. తర్వాత టీవీవాళ్ళు క్లింగన్లని ఇంకోలా తీర్చారు. అయినా నాకు ఫోర్డ్ క్లింగన్లే అసలువాళ్ళు.

---

ఓరుగల్లు_పోరడు | జనవరి 17, ఉదయం 8:40

వెన్నెల గారు, మేకు బాగ కొట్టిన్రు. ఒప్పుకుంట.

అయితే నిన్న రాత్రి ఈ-బుక్ కొని షురూ చేసిన. మీరందరు ఇంత చెప్తుంటె ఎట్ల ఊకుంట? మూడో వంతు అయింది. థ్రాన్ నిజంగనే మొనగాడు. కాని మిగిలినయ్ చెప్పాలె గద:

ఒకటి, సబాయత్ అనే పిచ్చి జెడై ముసలాయన. వచ్చినప్పుడల్ల అరుపులు, బెదిరింపులు, మల్ల అరుపులు. ఆయన పేజీలు నేను జల్దీ జల్దీ తిప్పేస్తున్న. ఇగ లేయా. సినిమాల తుపాకి పట్టి అందరికన్న ముందుండే మనిషి. ఈడ కడుపుతోని ఉన్నదని ఎత్కపోనీకె చూసెటోళ్ళు, కాపాడెటోళ్ళు, ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహం మార్చుడు. ఆమెకు పని తక్వ ఇచ్చిండు. వాక్యం గురించి అయితే చెప్పొద్దు. ప్రతోడు కనుబొమ్మ లేపుతడు, ప్రతోడు పెదవి బిగపడతడు. కవిత్వం కోసం సదివెటోళ్ళు ఈ దిక్కు రాకుండ్రి.

---

సుధ_ఎడిసన్ | జనవరి 17, ఉదయం 9:15

సబాయత్ విషయంలో నీతో గొడవ లేదు తమ్ముడూ. కథకి ఆయన అవసరమే, కానీ ఆయన్ని భరించడం మన ప్రారబ్ధం. లేయా రెండో భాగంలో తేరుకుంటుంది. నోగ్రి జాతి ఉంది చూడు, ఆ అంగరక్షకుల జాతి, వాళ్ళ గ్రహానికి ఆమె స్వయంగా వెళ్తుంది. ఆ భాగమంతా ఆమెదే. నన్నడిగితే మూడు పుస్తకాల్లోనూ మంచి ఘట్టాల్లో అదొకటి.

వాక్యం సాదాగా ఉంటుందన్నది నిజమే. కానీ ఆ సాదాతనంలో చిన్న చిన్న చమత్కారాలు చేస్తాడు. లూక్ అర్ధరాత్రి కలత నిద్రలోంచి లేచి తాగేది ఏంటో గమనించావా? హాట్ చాక్లెట్! స్నేహితుడు లాండో అలవాటు చేశాడట. గెలాక్సీలో చాక్లెట్ ఎక్కడిదని అభిమానులు అప్పట్నుంచి కొట్టుకుంటూనే ఉన్నారు. నాకైతే అది భలే నచ్చింది. చక్రవర్తినే ఎదిరించినవాడు నిద్రపట్టక కప్పు పట్టుకుని నిలబడ్డం సినిమాలో చూపించరు. సినిమాకి అంత తీరిక ఉండదు.

---

లీడ్స్_లక్ష్మి | జనవరి 17, మధ్యాహ్నం 1:20

ఇక్కడ ఇంగ్లండులోనూ ఈ అలవాటు పాతదే. డాక్టర్ హూ అనే బీబీసీ టీవీ సీరియల్ కథల్ని 1973 నుంచి టార్గెట్ అనే ముద్రతో చిన్న చిన్న పేపర్‌బ్యాకులుగా వేశారు. టెర్రన్స్ డిక్స్ ఒక్కడే అరవైకి పైగా రాశాడు. నూటపాతిక పేజీలు, మధ్యాహ్నం భోజనానికీ సాయంత్రం టీకీ మధ్య అయిపోతుంది. చారిటీ షాపుల్లో ఇప్పటికీ దొరుకుతాయి, అంచులు పసుపెక్కి.

వాటికో ప్రత్యేకత ఉంది. అరవైల్లో తీసిన ఎపిసోడ్ల టేపులు చాలావాటిని బీబీసీ అప్పట్లో చెరిపేసింది. ఇళ్ళల్లో వీడియోలు కూడా లేవు. అందుకని ఒక తరం పిల్లలకి ఆ కథలంటే ఆ పుస్తకాలే. మా పక్కింటి పెద్దాయన, డెబ్భై దాటాయి, కొన్ని కథలు నాకు సీను సీనుగా చెప్తాడు. చూశారా అంటే లేదు, చదివానంటాడు. మా అమ్మాయికి ఈస్టర్ సెలవుల్లో ఒకటి ఇచ్చా. స్పెషల్ ఎఫెక్ట్స్ భలే ఉన్నాయంది. అసలు సీరియల్లో ఆ రాక్షసి రబ్బరు తొడుగు అని దానికి చెప్పలేదు.

---

మాష్టారు_తెనాలి | జనవరి 17, సాయంత్రం 5:00

లక్ష్మి గారి మాట విన్నాక మన వెండితెర నవలలు గుర్తొచ్చాయి. మా చిన్నప్పుడు సినిమా ఒకసారి ఆడి వెళ్ళిపోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. వెండితెర నవల కొనుక్కుంటే సినిమా ఇంట్లో ఉన్నట్టే. మధ్యలో స్టిల్సు కూడా వేసేవారు. ముళ్ళపూడి వెంకట రమణ గారంతటివారు రాశారు వాటిని. చిన్నపని అనుకుని రాయలేదు, కాబట్టే ఇప్పటికీ ఆ వచనం కోసం వెతుక్కుని చదివేవాళ్ళున్నారు.

ఇంకో సంగతి. ఈ థ్రాన్ నవల వచ్చిన 1991లోనే మనకి సింగీతం శ్రీనివాసరావు గారి ‘ఆదిత్య 369’ వచ్చింది. కాలయంత్రం రాయల కాలానికీ వెళ్ళింది, భవిష్యత్తుకీ వెళ్ళింది. ఆ లోకంలో ఐదేళ్ళ తర్వాత ఏమైందని ఎవరైనా నవల రాసి ఉంటే? ఆ యంత్రాన్ని కట్టిన ప్రొఫెసరు మీద ఒక సంపుటం, ఆ వజ్రం మీద ఇంకో సంపుటం. రైలు స్టేషన్ల పుస్తకాల కొట్లలో అమ్ముడుపోయేవి కావూ!

---

ఓరుగల్లు_పోరడు | జనవరి 17, సాయంత్రం 6:45

మాష్టారు, బాహుబలికి అయితే వచ్చినయ్. ఆనంద్ నీలకంఠన్ 2017ల శివగామి చిన్నప్పటి కథతోని మొదలుపెట్టిండు, ఇంగ్లీషుల. అది సైన్స్ ఫిక్షన్ కాదనుకోండ్రి, గని పని గిదే. సినిమాల రమ్యకృష్ణ గారి కన్నెర్ర చూసి ఈ మనిషి ఇట్లెట్ల తయారైంది అనిపిస్తది చూడుండ్రి, ఆ ప్రశ్నకు పుస్తకం. మన దగ్గర కథ లేదని కాదు, తెలుగులనే రాయిస్తె కొంటరన్న ధైర్యం నిర్మాతలకు లేదు.

ఇంక ఒకటి అడుగుత. లోకం వాళ్ళది, పాత్రలు వాళ్ళయి. మరి రాసెటోనికి ఏం మిగుల్తది?

---

వైజాగ్_వెన్నెల | జనవరి 17, రాత్రి 8:10

కాపీరైటు మిగలదు. ఒప్పందంలో ఉంటే రాయల్టీ వస్తుంది, లేకపోతే ఒకసారిచ్చే డబ్బుతో సరి. పేరు కూడా దక్కని కేసులున్నాయి. స్టార్ వార్స్ మొదటి సినిమా నవల సినిమా కంటే ముందే, 1976 చివర్లో వచ్చింది. అట్ట మీద జార్జ్ లూకాస్ పేరు. రాసింది అలన్ డీన్ ఫోస్టర్. ఘోస్టు రచయితలంటే మన సినిమావాళ్ళకి కొత్త కాదుగా.

అదే ఫోస్టర్ 2020లో, కంపెనీలు చేతులు మారాక తన స్టార్ వార్స్, ఏలియన్ నవలలకి రాయల్టీ ఆగిపోయిందని బహిరంగంగా అడగాల్సొచ్చింది. అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం ఆయన పక్షాన నిలబడింది. డిస్నీ ఆస్తులు కొన్నప్పుడు అప్పులూ కొన్నట్టేనని వాళ్ళ వాదన. పుస్తకం చదివి ఆనందించేటప్పుడు ఇది తల్చుకోనక్కర్లేదు గానీ, అట్ట మీద రచయిత పేరు చిన్నక్షరాల్లో ఉంటే మాత్రం నేను వేలు పెట్టి చదువుతా.

---

గోదారిగట్టు | జనవరి 18, రాత్రి 11:55

అయిపోయింది! రేపు పొద్దున్నే బండి. చివరి వంద పేజీలు మా బావమరిది పిల్లలు నిద్రపోయాక హాల్లో లైటు వేసుకుని చదివా. మా అత్తగారు రెండుసార్లొచ్చి ఆఫీసు పనా బాబూ అనడిగారు. అవునన్నా.

స్పాయిలర్
.
.
.
.
లాండో గనుల్లోంచి ఎత్తుకుపోయిన తవ్వకం యంత్రాలు ఎందుకా అని నేను బుర్ర బద్దలుకొట్టుకుంటూనే ఉన్నా. చివర స్లూయిస్ వాన్ ఓడల రేవులో యుద్ధనౌకల గోడలకి వాటితో కన్నం పెట్టి, లోపలికి మనుషుల్ని పంపి, ఓడల్ని నాశనం చెయ్యకుండా దొంగిలించడానికా! యంత్రాలు అంతకు ముందెప్పుడో మన కళ్ళముందే పోయాయి. చెప్పకుండా ఏమీ దాచలేదు, చూపించే మోసం చేశాడు. థ్రాన్ ఓడిపోయాడని కూడా అనలేం. లెక్క సరిపోక వెనక్కి తగ్గాడంతే.

ఓరుగల్లు అన్నా, మొదలెక్కడున్నారో అక్కడే ఉంటారన్నావ్. మారా జేడ్ ఉందా అక్కడే?

---

ఓరుగల్లు_పోరడు | జనవరి 19, ఉదయం 7:30

మారా జేడ్ గురించి నన్నేం అడగకు. అడివిల ఉన్న ఇంక. గామె లూక్‌ను ఏమన్న చేస్తదేమో అని పొద్దుగాల చాయ్ కూడ తాగకుండ సదువుతున్న.

---

కోడ్‌కోతి | జనవరి 19, ఉదయం 10:10

నా కాపీ వచ్చింది. ‘ఎసెన్షియల్ లెజెండ్స్’ అని కొత్త అట్టతో. 2011లో ఇరవయ్యేళ్ళ ఎడిషన్ ఒకటి వచ్చిందట, పేజీ పక్కన రచయితే నోట్సు రాశాడట, అది దొరకలేదు. అక్కా, మిగతా రెండూ కూడా ఒకేసారి తెప్పించుకోనా? ఏ వరసలో చదవాలి?

---

సుధ_ఎడిసన్ | జనవరి 19, రాత్రి 7:40

‘డార్క్ ఫోర్స్ రైజింగ్’, 1992. తర్వాత ‘ది లాస్ట్ కమాండ్’, 1993. ఈ వరస తప్పొద్దు, మధ్యలో వేరే స్టార్ వార్స్ నవల దూర్చొద్దు. రెండో భాగం మొదట్లో కాస్త నెమ్మది, పాత ఓడల గుంపు ఒకటి తప్పిపోయిందన్న కథ అందుకున్నాక పరుగే. క్లోన్ యుద్ధాల గురించి ఆయన ఊహించినదీ 2002లో సినిమాలో చూపించినదీ పొసగవు. అక్కడ ఆగి నెట్‌లో వెతుక్కోకు, అలాగే సాగిపో.

గోదారిగట్టు గారికి, ట్రాక్టర్ బీమ్ సీను జోడీ అన్నాను కదా. మీరెలాగూ చదువుతారు కాబట్టి దాచే రాస్తున్నా.

స్పాయిలర్, మూడో భాగం
.
.
.
.
మళ్ళీ లూక్ ట్రాక్టర్ బీమ్‌కి చిక్కి తప్పించుకుంటాడు. ఈసారి ఆ సీట్లో ఉన్న కుర్రాడు చేతనైనదంతా చేస్తాడు, కొత్తగా ఒకటి ప్రయత్నిస్తాడు కూడా. అయినా లూక్ పోతాడు. బ్రిడ్జి మీద అందరికీ మొదటి కుర్రాడు గుర్తే. థ్రాన్ కిందికి వెళ్తాడు. విషయం వింటాడు. అక్కడికక్కడే వాడికి ప్రమోషన్ ఇస్తాడు. పెలియన్ చుట్టూ చూస్తే, ఆ క్షణం నుంచి ఆ ఓడలో ప్రతివాడూ ఈయన కోసం ప్రాణమిస్తాడని అర్థమవుతుంది. నాకు భయం వేసింది అక్కడే. ఇలాంటివాడు గెలిస్తే మనకే నచ్చేట్టున్నాడు.

---

మాష్టారు_తెనాలి | జనవరి 20, ఉదయం 6:20

సుధ గారూ, నేను స్పాయిలర్ అని చూసి కూడా చదివేశాను. పర్వాలేదు. మా అబ్బాయి పెట్టెలో మొదటిదీ మూడోదీ ఉన్నాయి, రెండోది లేదు. విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల వాళ్ళని అడిగి పెట్టాను. కంటిచూపు వల్ల చిన్నక్షరం కష్టంగా ఉంది, ఆడియో ఉందా?

---

కోడ్‌కోతి | జనవరి 20, ఉదయం 9:00

ఉంది మాష్టారూ. మార్క్ థాంప్సన్ అనే ఆయన చదివాడు. ఒక్కో పాత్రకి ఒక్కో గొంతు, వెనకాల సినిమా సంగీతం, ఓడల చప్పుళ్ళతో సహా. మొదటి భాగం శాంపిల్ విన్నా, థ్రాన్ గొంతు మాత్రం చల్లగా కోస్తుంది. మూడు భాగాలూ ఉన్నాయి. మీ ఫోన్‌లో యాప్ ఎలా పెట్టాలో మెసేజ్‌లో పంపిస్తా.

---

మాష్టారు_తెనాలి | జనవరి 20, ఉదయం 9:12

పంపించు నాయనా. అలాగే ఆ యసలమిరిని ఎలా పలుకుతాడో కూడా విని చెప్పు. ఇన్నాళ్ళూ నేను మనసులో నాకు తోచినట్టు లాగించేస్తున్నాను.